పిడికెడు బియ్యం లాయరు

మొన్నామధ్య మా టెక్కలి కోర్టు కుర్ర వకీళ్లు ముగ్గురు నా గదికొచ్చారు. పేదింటి పిల్లలెవరైనా లా చదువుకుని, డబ్బున్నోళ్ల వెంట పోకుండా కూలీనాలీ కేసులు పట్టుకుంటామంటే వాళ్ల ఫీజులు కట్టడానికి ఒక నిధి పెడుతున్నారట. మంచి పనే. చందా రాశాను. రశీదు చింపి ఇస్తూ వాళ్లలో ఒకడు, "సార్, మీరు చదువుకునేటప్పుడు ఎవరైనా సాయం చేశారా? ప్రారంభం రోజున ఆ సంగతి రెండు ముక్కలు మాట్లాడితే బాగుంటుంది" అన్నాడు. నేను కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎవరున్నారయ్యా, ఏదో మన కష్టం మనం పడ్డాం" అన్నాను.

వాళ్లు మెట్లు దిగే చప్పుడు ఆగకముందే నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూడండి. తడబడలేదు, దగ్గు రాలేదు. ఏళ్ల తరబడి ప్రాక్టీసు మరి, నోరు అలవాటు పడిపోయింది.

నన్ను చదివించింది ఒక మనిషి. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు పక్కన పెట్టకూడనిది పెట్టాను, మళ్లీ రాసే మొహం నాకు లేదు. పేటలో చిన్నవాళ్లందరూ పిలిచినట్టే నేనూ పెద్దమ్మ అనేవాణ్ణి. ఇది అచ్చయితే బార్ కౌన్సిలు వాళ్లు నన్నేం చేస్తారో నాకు తెలుసు. చెయ్యనీండి. అంతా అయిపోయాక వచ్చిన ధైర్యం ఇది, దీన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

పలాసలో రైలు పట్టాల పక్కన మా పేట. మా నాన్న గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడు, అమ్మ జాకెట్లు కుట్టేది. మిగతా ఆడవాళ్లంతా జీడి ఫ్యాక్టరీల్లోకే. గాలి ఇటు తిరిగిందంటే కాలిన పిక్కల పొగ ఇంట్లోకొచ్చి కూర్చునేది. ఫ్యాక్టరీలో కొందరు పప్పు మీద పొట్టు తీసేవాళ్లు, అది కాస్త మెత్తటి పని. కొందరు కాల్చిన పిక్కల్ని ఒక్కొక్కటే కొట్టి పప్పు పైకి తీసేవాళ్లు. పెద్దమ్మ పిక్కలు కొట్టే మనిషి. పిక్క పగిలినప్పుడు చిమ్మే నూనె చర్మాన్ని తినేస్తుంది. చేతులకి బూడిద రాసుకుని కూర్చున్నా తింటుంది. ఇరవై ఏళ్లు కొట్టి కొట్టి ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి.

ఆ చేతులతో ఆవిడ ఎవర్నీ ముట్టుకునేది కాదు. పసిపిల్లాణ్ణి ఎత్తుకోమంటే మోచేతుల మీద పడుకోబెట్టించుకునేది. బుగ్గ నిమరాలంటే మణికట్టు వెనక్కి తిప్పి నిమిరేది. "ఏలు తగిల్తే మంటెడతాది, ఏడుత్తాడు" అనేది. చేతులు మరీ పచ్చిగా ఉన్న రోజు అన్నం చెంచాతో తినేది. ఎవరైనా చూస్తే, "దొరసాన్నయిపోనాను, సూసినారా" అని తనే ముందు నవ్వేసేది.

నోరు మాత్రం ఆ నూనె కంటే ఘాటు. పాస్టరుగారి ప్రసంగం సాగిపోతే వెనక వరసలోంచి "ఆమేన్" అనేది, ఇక చాలని దానర్థం. ఆయన ఆగకపోతే రెండోసారి కాస్త గట్టిగా అనేది. చదువు రాదు, సంతకం రాదు. వాక్యాలు మాత్రం అధ్యాయం, వచనంతో సహా నోటికి వచ్చు. ఎవరైనా ఒక వచనం అటూ ఇటూ చేసి చెప్తే ఆ పూట వాళ్లకి మోక్షం లేదు.

మా బాప్టిస్టు సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉంది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటకో పిడికెడు. వారం తిరిగేసరికి ఆ బియ్యం గుడికి చేరుతుంది, ఆదివారం ఆరాధన అయ్యాక వేలం పాడతారు, వచ్చింది దేవుడి పనికి వాడతారు. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది పెద్దమ్మే. వెనకాల రెండో సంచి పట్టుకుని మార్తమ్మ పిన్ని నడిచేది. మార్తమ్మ పిన్ని అదే ఫ్యాక్టరీలో పొట్టు తీసేది. ఇద్దరి ఇళ్లకీ మధ్య గోడ ఒకటే. ఈమె ఇంట్లో పులుసు ఉడికితే ఆమె ఇంట్లో కూర వండేవారు కాదు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఆ బియ్యం ఎత్తడం చూసి తీరాలి. ఇంటి ముందు నిలబడి సంచి మూతి తెరిచి పట్టుకునేది. లోపల్నుంచి మొగుడూ పెళ్లాల గొడవ వినబడిందా, సంచి ముడేసేసేది. "మీ బియ్యం ఒద్దు. ముందు మీరిద్దరూ మాటాడుకోండి, పై వారం ఏద్దురు." డబ్బా మరీ నిండుగా ఉన్నా ఊరుకునేది కాదు. "ఇది పిడికెడు కాదే, గొప్పలకి పోసినావు. పిల్లలకి ఒండెట్టు" అని సగం వెనక్కి పోసేది. పాపం ఆ ఇల్లాలు సిగ్గుపడి లోపలికి పోయేది. మార్తమ్మ పిన్ని మాత్రం "పోన్లే అప్పా, ఏదో మనసుపడి ఏసింది" అని నసుగుతూనే వెంట నడిచేది.

తొంభైల చివర్లో నా డిగ్రీ అయ్యింది. విశాఖపట్నంలో లా సీటు వచ్చింది. ఫీజుకీ హాస్టలుకీ దారి లేదు. నాన్న షెడ్డులోకి రమ్మన్నాడు. అదే నెలలో సంఘం మీటింగు జరిగింది, గుడి రేకులు మార్చాలని మాట నడుస్తోంది. పెద్దమ్మ లేచి నిలబడింది.

"పాస్టర్లని సదివించినాం, నర్సమ్మని సదివించినాం. దేవుడితో మాటాడ్డానికి మనిసున్నాడు, సూదెయ్యడానికి మనిసుంది. మరి కోర్టుల మనకోసం మాటాడే మనిసేడి? రేకులు కార్తే గొడుగులేసుకుని పాడుకుందుం. ఈ గుంటణ్ణి సదివించండి."

సంఘ పెద్ద ఒకాయన నవ్వాడు. "లాయరు సదువు దేవుడి పనెలాగవుద్దమ్మా? అబద్దాలాడే సదువు గదా అది."

"అందుకే మనోడు సదవాల" అంది పెద్దమ్మ. "ఆల్లందరి మజ్జిన అబద్దమాడనోడు ఒక్కడుంటే సాలు."

మూడేళ్లు ఆ బియ్యంతో చదివాను. కొన్నాళ్లకి పేట చివర హిందువుల ఇళ్లు నాలుగు కూడా డబ్బాలు పెట్టాయి. "మీ దేవుడికి కాదు, ఆ లాయరు గుంటడికి" అని చెప్పి మరీ పోసేవారట. షరతు ఒక్కటే. చదువయ్యాక తిరిగి రావాలి, మన కేసులు పట్టాలి. దానికి కాగితం లేదు, సంతకం లేదు. పేటలో కుర్రాళ్లు మాత్రం నాకు పేరు పెట్టేశారు, పిడికెడు బియ్యం లాయరని. సెలవలకి వచ్చినప్పుడు ఆ పిలుపు చెవిన పడితే సందు మార్చి నడిచేవాణ్ణి.

రెండో ఏడు ఒక రోజు పెద్దమ్మ పాసింజరెక్కి హాస్టలుకి వచ్చేసింది. సంచిలో వేయించిన ఎండు చేపలు. ఇనప మంచం అంచు మీద కూర్చుని, "మా బియ్యం ఎక్కడ సదువుతున్నాయో సూసి పోదునని ఒచ్చినాను" అంది. గదిలో ఉన్న కుర్రాళ్లు ఎవరని అడిగారు. నేను ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, మా నాన్న రైల్వేలో పని చేస్తాడని చెప్పుకుంటున్న రోజులవి. "మా ఊరామె. ఇటేదో పనుండి వచ్చింది" అన్నాను.

పెద్దమ్మ విన్నది. వాళ్ల వైపు తిరిగి, "అవును బాబూ, ఆసుపత్రి పనుండి ఒచ్చినాను. మా ఊరి బాబున్నాడంటే సూసి పోదునని" అంది. నా అబద్ధం కూలిపోకుండా తనే ఒక దన్ను పెట్టింది. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. సిగ్గు చాలా ఏళ్ల తర్వాత వచ్చింది.

వాళ్లు టిఫినుకి వెళ్లాక నా పుస్తకాల వైపు గడ్డం చూపించి అడిగింది. "ఇందుల మేం ఏ పేజీల ఉన్నాం?"

నవ్వు రాలేదు నాకు. ఫ్యాక్టరీల చట్టం తీశాను. ఒంటికి హాని చేసే పని చేయించేవాడు పనివాళ్లకి రక్షణ ఇవ్వాలన్న మాట వెతికి తెలుగులో చెప్పాను. "మల్లీ సెప్పు" అంది. మళ్లీ చెప్పాను. "దానికి నెంబరుందా?" ఉందన్నాను, చెప్పాను. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ వాక్యం పట్టినట్టే పట్టేసింది. "ఇన్నేల్లూ ఇది ఉన్నాదన్నమాట. మాకే తెల్దు" అంది. సాయంత్రం రైలెక్కాక కిటికీలోంచి ఆ నెంబరూ ఆ మాటా నాకు అప్పజెప్పింది, సరిపోయిందో లేదో చూడమని. అక్షరం తప్పలేదు.

లా అయ్యింది. నల్లకోటు తొడుక్కుని సంఘం ముందు మోకాళ్లూనితే పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. మా దగ్గర పాస్టర్లకి తప్ప అలా చెయ్యరు. పెద్దమ్మని కూడా రమ్మంటే వచ్చి మణికట్టు ఆనించింది. ఆ రోజు నేను నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాను. మాట కూడా నిలబెట్టుకున్నాను. తిరిగి వచ్చాను. టెక్కలిలో ఒక సీనియరు దగ్గర చేరాను, తర్వాత సొంతంగా గది తీసుకున్నాను. కూలీవాళ్ల దగ్గర ఫీజు అడిగేవాణ్ణి కాదు. నలుగురిలో ఆ సంగతి నా నోటితో నేనే అనేవాణ్ణి, అదొక్కటే కాస్త ఎక్కువయ్యేది.

పెద్దమ్మ మాత్రం ఆ నెంబరు పట్టుకుని ఊరికే కూర్చోలేదు. ఒక పొద్దున్న మార్తమ్మ పిన్నితో కలిపి పదిమందిని వెంటేసుకుని యజమాని గదిలోకి వెళ్లింది. చట్టంలో మాట నెంబరుతో సహా ఒప్పజెప్పి, పిక్కలు కొట్టేవాళ్లకి చేతి తొడుగులు కావాలంది. "ఎవడు నేర్పాడే నీకిదంతా?" అని ఆయన అడిగితే, "మా లాయరు బాబు" అని గర్వంగా చెప్పిందట. వారం తిరక్కుండా పదకొండుమందినీ గేటు దగ్గరే ఆపేశారు. ఇదేమిటంటే, మీరే కదా పని మానుకుంటామని రాసిచ్చారన్నారు. పదకొండు కాగితాలు చూపించారు. ఒక్కోదాని కింద ఒక్కో వేలిముద్ర.

ఎవరూ అలాంటి కాగితం మీద వేలు పెట్టలేదు. వాళ్లని మళ్లీ పనిలోకి తీసుకోవాలని విశాఖపట్నం లేబరు కోర్టులో కేసు వేద్దామన్నాను. వకాల్తా మీద వేలిముద్రలకి పదకొండుమందీ బస్సెక్కి టెక్కలి వచ్చారు. మిగతావాళ్లు పొట్టు తీసేవాళ్లు, లేదంటే కొట్టే పనికి కొత్తగా వచ్చినవాళ్లు. వాళ్ల ముద్రలు బాగానే పడ్డాయి. పెద్దమ్మ బొటనవేలు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద ఒత్తితే నల్లటి మచ్చ పడింది, అంతే. రెండోసారీ మచ్చే. "ఇంకు మంచిది కాదేటో" అని పెద్దమ్మ ప్యాడ్‌ని తిట్టింది.

ముద్ర స్పష్టంగా లేదు, సరిచేసి పెట్టమని కోర్టు నుంచి ఆ కాగితాలు తిరిగొచ్చాయి. మళ్లీ ఆవిడ రావాలి. మర్నాడు మా సీనియరు ఇంట్లో పెళ్లి. మా గుమాస్తా, "దీనికింత ఆలోచనేటండీ, అందరూ సేసేదే" అని కొత్త కాగితం మీద పెద్దమ్మ పేరు రాసి, దాని పక్కన తన బొటనవేలు ఒత్తేశాడు. గీతలన్నీ చక్కగా పడ్డాయి.

లేదు. ఇన్నేళ్లూ నాకు నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడైనా సరిగా రాస్తాను. గుమాస్తా "కబురంపుదామండి, రేపో ఎల్లుండో ఒచ్చేత్తాది" అన్నాడు. వేలు ఒత్తింది నేను. అది నా బొటనవేలు. పలాస ఎంత దూరం, నేనే ప్యాడ్ పట్టుకుని వెళ్లొచ్చు. ఎవరైనా అడిగితే ముద్ర పడని సంగతి రాసి పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ తెలిసి, వేలు గుడ్డకి తుడుచుకుని, పెళ్లికి వెళ్లి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

కేసు రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లూ పలాసలో ఇంకే ఫ్యాక్టరీవాడూ ఆ పదకొండుమందిని గేటు దాటనివ్వలేదు. కొందరు ఉద్దానం తోటల్లో కొబ్బరి పీచు పనికి పోయేవారు, కొందరు కలుపుకి. మార్తమ్మ పిన్ని పెద్దకూతురు చదువు మానేసి ఇంట్లో కూర్చుంది. వాయిదాకి ముందు ప్రతిసారీ పేటంతా ఉపవాసముండి ప్రార్థన చేసేది. తిరిగి పనిలోకి వెళ్తామనే ఆశ ఒక్కటే ఆ ఇళ్లని నిలబెట్టింది.

పెద్దమ్మ సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. టెక్కలికి దగ్గరి స్టేషను నౌపడలో నేను రైలెక్కేసరికి వాళ్లు నాకు కిటికీ పక్కన సీటు ఆపి ఉంచారు. పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది. కూర్చోకముందే తన బొటనవేలు నా ముందు పెట్టింది.

"సూడు బాబూ. మొన్న ఒక కాగితం మీద ఏలెయ్యమంటే ఏసినాను, మల్లీ మచ్చే పడ్డాది. ఇంకు తప్పు కాదురా, నా ఏలికి గీతల్నేవు. జీడి నూనె తినేసింది. మరి నాను పని మానుకున్నానని ఆల్లు సూపించిన కాగితం మీద గీతలున్నాయని నువ్వే గదా సెప్పినావు. అది నా ఏలెలాగవుద్ది? జడ్జీగారికి ఏలు సూపిత్తాను. నాది దొంగదని తేల్తే అందరివీ దొంగవే. అంతే గదా?"

అంతే. నిజంగా అంతే. నల్లకోటేసుకున్న నాకు రెండేళ్లుగా తట్టని మాట ఆవిడకి తట్టింది. కేసు గెలిచేసినట్టే. అవతలివాళ్లు ఫైల్లో మా వకాల్తా తిప్పి చూడకపోతే.

నౌపడ నుంచి విశాఖపట్నం దాకా చాలా సమయం ఉంది. పక్కకి పిలిచి ఒక్క మాట చెప్తే సరిపోయేది. పెద్దమ్మా, వకాల్తా మీద వేలు నాది, జడ్జిగారితో ముందే నేను ఒప్పుకుంటాను, నాకేం జరిగినా నీ మాట నిలబడుతుంది. మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. పైకి మాత్రం "మంచి ఆలోచనే పెద్దమ్మా" అన్నాను. మార్తమ్మ పిన్ని కాగితంలో కట్టిన అటుకులు అందరికీ పంచింది, నాకు కాస్త ఎక్కువ పెట్టింది.

బోనులో నిలబడి దేవుడి మీద ప్రమాణం చేసింది పెద్దమ్మ. తడుముకోకుండా చెప్పింది. బొటనవేలు ఎత్తి చూపించింది. జడ్జిగారు కుర్చీలోంచి ముందుకి వంగి చూశారు. వెనక బెంచీ మీద పదిమందీ మెడలు చాచి చూస్తున్నారు.

అవతలి వకీలు పెద్దాయన, గొంతు పెంచని మనిషి. ఫైలు తెప్పించుకుని నెమ్మదిగా కాగితాలు తిప్పాడు. ఒక కాగితం ఆవిడ ముందు పెట్టించాడు. "ఇది మీరు మీ లాయరుగారికి రాసిచ్చిన వకాల్తా అమ్మా. ఈ ముద్రకి గీతలు బాగానే ఉన్నాయే. ఇదెవరిది?"

పెద్దమ్మ కాగితం చూసింది. చదువు రాకపోయినా గీతలు కనబడతాయి కదా. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకుని ఫైలు తాడు ముడి విప్పుతున్నాను, కడుతున్నాను.

"అనుమతిస్తే ఈ రెండు ముద్రల్నీ, ఈవిడ వేలినీ నిపుణులకి పంపిద్దామండి" అన్నాడాయన. జడ్జిగారు పెద్దమ్మకి అర్థమయ్యేలా చెప్పారు. "ఏ ముద్ర ఎవరిదో పరీక్ష చేసి తేల్చేస్తారమ్మా. సరేనా?"

నేను లేచి నిలబడాల్సింది అప్పుడే. లేవలేదు. నా వకీలు సనదు, నా గది, కుదిరిన నా పెళ్లి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆవిడ రెండేళ్ల గంజి నీళ్లు మాత్రం రాలేదు.

"అక్కర్నేదండి" అంది పెద్దమ్మ. "అది నాదేనండి."

"మరి వేలికి గీతలు లేవన్నావు?"

"అప్పుడు బాగుండేదండి. తరవాత పాడయ్యింది."

"అలాగైతే అంతకుముందు రాసిచ్చిన ఈ రెండో కాగితం? పని మానుకుంటానన్నది?" అన్నాడు పెద్దాయన.

ఆవిడ కాసేపు బోను కర్ర మీద మణికట్టు రుద్దుకుంటూ నిలబడింది. ఇది కాదంటే పరీక్షకి పంపుతారు, పంపితే మొదటి కాగితం కూడా బయటపడుతుంది. అక్షరం రాని మనిషి ఆ లెక్క నాకంటే ముందే తేల్చుకుంది.

"అదీ నాదేనండి. రెండూ నాయే."

వెనక బెంచీ మీంచి మార్తమ్మ పిన్ని "ఓలమ్మ" అంది, చాలా మెల్లగా.

బయట వరండాలో నేను "పెద్దమ్మా" అని ఆగిపోయాను. ఆవిడ నా మొహం చూడకుండా, "ఆకలేత్తన్నాది. ఏటైనా తిందుమా" అంది. తిరుగు రైల్లో పదిమందీ ఒక పెట్టెలో ఎక్కారు. పెద్దమ్మ ఎక్కబోతే మార్తమ్మ పిన్ని తలుపు దగ్గర సంచి అడ్డంగా పెట్టింది. పెద్దమ్మ వెనక పెట్టెలో ఎక్కింది. నేను పని ఉందని చెప్పి విశాఖపట్నంలోనే ఉండిపోయాను. నాకేం పనుంది, ఏమీ లేదు.

కేసు పోయింది. ముందు నిలబడిన మనిషే ఒప్పుకున్నాక మిగతావాళ్ల మాట ఎవరు వింటారు? యజమాని ఆవిణ్ణి కొనేశాడని పేటలో పుకారు పుట్టింది. ఎంతకి కొన్నాడో కూడా చెప్పుకున్నారు. శనివారం సాయంత్రం పెద్దమ్మ సంచి పట్టుకుని వెళ్తే ఒక్క ఇంటి తలుపూ తియ్యలేదు. పై వారం నుంచి రెండు సంచులూ మార్తమ్మ పిన్నే మోసింది. పెద్దమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. సంజాయిషీ ఇవ్వలేదు. కొన్నాళ్లు చూసి పూండి దగ్గర తన కన్నవారి ఊరు వెళ్లిపోయింది, తమ్ముడి కొబ్బరి తోటలో ఒక పాకలోకి.

నేను నోరు విప్పలేదు. ఈ కేసు గొడవ కాస్త చల్లారనీ అనుకున్నాను, తర్వాత పెళ్లి అవనీ అనుకున్నాను, తర్వాత పాప పుట్టింది. కారణాలు ఒకటి అయ్యాక ఒకటి వచ్చేవి, అన్నీ మంచి కారణాలే.

ఉద్దానంలో అందరికీ వచ్చే కిడ్నీ జబ్బు ఆవిడకీ వచ్చిందని తెలిసి ఒకసారి చూడ్డానికి వెళ్లాను. తోటలో నులక మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లు వాచిపోయాయి. "రా నాయినా. బిడ్డ బాగుందేటి? నీ పోలికా, అమ్మ పోలికా?" అని అడిగింది. ఆ మామూలు మాటలకే నాకు ఏడుపొచ్చింది. "పేటకి వెళ్లి అందరి ముందూ చెప్పేస్తాను పెద్దమ్మా, నావల్ల కావట్లేదు" అన్నాను.

"అందరికీ ఎందుకురా" అంది ఆవిడ. "దేవుడి మీద ఒట్టేసి అబద్దమాడినాను. అది నాకూ ఆయనకీ ఉన్న గొడవ, నానే సెప్పుకుంటాను. పేటంతా మూడేల్లు నోటికాడ ముద్ద తీసి నిన్ను సదివించినాది. ఒక్క ఏలు కోసం ఆ సదువుని గంగల కలపనేకపోనాను. తప్పో ఒప్పో నాకు తెల్దు." కాసేపు ఊపిరి తీసుకుంది. "మార్తకి మాత్రం సెప్పు. దానితో మాటాడక నాకు ముద్ద దిగడం నేదు. నాను సెప్తే నమ్మదు, నువ్వే సెప్పాల."

"ఈ ఆదివారమే చెప్తాను" అన్నాను.

ఆ ఆదివారం వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. ఆ తర్వాత కూడా ఆవిడ ఏడు నెలలు బతికింది.

పూండి దగ్గర ఆ ఊళ్లోనే సమాధి చేశారు. పేట నుంచి నలుగురైదుగురే వచ్చారు. మార్తమ్మ పిన్ని వచ్చింది గానీ దగ్గరికి రాలేదు, కంచె పక్కనే నిలబడింది. పాస్టరుగారు ఈ సహోదరిని గురించి ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగారు.  నేను లేచాను. పిడికెడు బియ్యం సంగతి చెప్పాను, హాస్టలుకి వచ్చిన సంగతి చెప్పాను, ఆ తల్లి లేకపోతే నేను లేనన్నాను. అందులో నటన లేదు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. "బాగా చెప్పారు లాయరుగారూ" అని పాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. కోర్టు సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం పూండి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. మార్తమ్మ పిన్ని వచ్చి అవతలి అంచున కూర్చుంది. బాగా ముసలిదైపోయింది. 

"నువ్వు సెప్పినవన్నీ నిజమే బాబూ. అలాటి మనిసి మరి పుట్టదు" అంది. "ఒకటే నాకు అరదం కాదు. మమ్మల్నెందుకు అమ్మేసినట్టు? నువ్వు ఆఖర్న ఓసారి ఎల్లి సూసినావంట గదా. నీకేటైనా సెప్పిందా?"

ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే ఉన్నాం. రైలుకింకా టైముంది.

"ఏమో పిన్నీ" అన్నాను. "నాకేమీ చెప్పలేదు."